రేగుముల్లు, కౌజు ఈక

హిమనంది రాజ్యానికి ఉత్తరపు పొలిమేరలో, మేఘాలను తలగడగా పెట్టుకుని పడుకున్నట్టుండే ధవళశృంగమనే పర్వతం ఉంది. దాని చరియల మీద దేవదారు వృక్షాలు పచ్చని కోటగోడల్లా బారులు తీరి ఉంటాయి. ఆ పర్వతం ఒడిలో పుట్టి, వెన్నముద్దల వంటి తెల్లరాళ్ల మధ్య గలగలలాడుతూ, మలుపు మలుపునా ముత్యాల నురగ చిమ్ముతూ తుహినా నది దిగివస్తుంది. ఒడ్డున నిలబడి చూస్తే నడిమడుగులో అడుగున పడి ఉన్న గులకరాయి రంగు చెప్పవచ్చు. అంత తేట నీరు. ఆ నీటిలో చుక్కలమీనులు తిరుగుతుంటాయి. నాచురంగు వీపు, పసిడిఛాయ పొట్ట, ఒళ్లంతా ఎవరో పేరంటానికి కుంకుమబొట్లు పెట్టి పంపినట్టు ఎర్రని చుక్కలు.

ఇంతటి రమణీయమైన చోట, వసంతకాలపు ఒక ఉదయాన, హిమనంది యువరాజు కీర్తిసేనుడు తన గాలపు ముల్లును తన తలపాగాలోంచి ఊడదీసుకుంటున్నాడు.

కీర్తిసేనుడు సామాన్యుడు కాడు. అగ్నిసర్పాల కనుమను కళ్లకు గంతలు కట్టుకుని గుర్రం మీద దాటినవాడు. రెండు తలల బెబ్బులి ఎదురైతే ఏ తల నరకాలో తేల్చుకోలేక నడుముకు నరికినవాడు. మాంత్రికుడు పింగళకేశుడి శిష్యుణ్ణి పాడుబావిలో తలకిందులుగా వేలాడదీసి రహస్యం రాబట్టినవాడు.

"మీ తండ్రి విక్రాంతసేన మహారాజు బతికే ఉన్నాడు. సింహాసనం మీద ఆయన రూపంతో కూర్చున్నది మా గురువు," అని ఆ శిష్యుడు బావిలోంచి చెప్పాడు. "మీ తండ్రిని చుక్కలమీనుగా మార్చి తుహినా నదిలో వదిలాడు. వల వేసినా, ఇనుము తగిలినా, ప్రాణమున్న ఎర చూపినా ఆయన ఇక ఎప్పటికీ చేపే. ఈకలతో కట్టిన దొంగ ఈగను నిజం ఈగ అనుకుని, తనంతట తాను నోట కరుచుకుని, ఒడ్డున గడ్డికి తగలాలి. అప్పుడే మనిషవుతాడు. అదీ మంచు కరిగి వరద రాకముందే. వరదొస్తే చేపలన్నీ పాతాళధార జలపాతంలో పడి కొట్టుకుపోతాయి. అంతే నాకు తెలిసింది. ఇక పైకి తీయండి."

కీర్తిసేనుడు పైకి తీశాడు. మాట తప్పే వంశం కాదు.

అది జరిగి చాలా రోజులైంది. ఈ రోజుల్లో అతని గాలానికి తలపాగా చిక్కింది, దేవదారు కొమ్మ చిక్కింది, గుర్రం మేఘవాహం చిక్కింది, అతని ఎడమ చెవి చిక్కింది. చేప మాత్రం చిక్కలేదు. అతడు ఈటె అంత లావు వెదురును రెండు చేతులా పట్టుకుని, శత్రువు మెడ మీద కత్తి దించినట్టు దించేవాడు. దారం చెళ్లున నీటి మీద పడేది. ఆ చప్పుడుకు దేవదారుల మీద పక్షులు లేచిపోయేవి. చేపల సంగతి చెప్పనక్కర్లేదు.

ముల్లు ఊడివచ్చింది. కీర్తిసేనుడు కాళ్లు ఎడం చేసి నిలబడి, వెదురు ఎత్తి, మళ్లీ కొట్టాడు.

"ఒరే అబ్బాయ్!" అని ఆవలి ఒడ్డున కొండచరియ గర్జించింది. "నువ్వు చేపలు పడుతున్నావా, ఏటిని కొడుతున్నావా?"

అది చరియ కాదు. లేచి నిలబడింది. దేవదారుల కంటే ఎత్తుగా, గానుగల్లాంటి మోకాళ్లతో, చీపురుకట్టల్లాంటి కనుబొమలతో, నోట ఒకే ఒక్క కోరతో ఒక రాక్షసి నదిని ఒక్క అంగలో దాటి వచ్చింది.

కీర్తిసేనుడు వెదురు పారేసి కత్తి దూశాడు. రాక్షసి చెయ్యి చాపింది. అతడు ఆ చేతి మీదికి ఎగిరి, మోచేతి దాకా పరుగెత్తి, భుజం మీద కాలు మోపి, ఆమె కంఠానికి కత్తిమొన ఆనించాడు. రాక్షసి మరో చేత్తో అతని నడుము పట్టుకుని, పేను తీసినట్టు తీసి కళ్ల ముందుకు తెచ్చుకుంది.

"బాగానే దూకుతావు. కానీ ఈ నెలంతా నాకు తిండి లేదు. ఎందుకో తెలుసా? నీ బాదుడుకు చేపలన్నీ రాళ్ల కిందికి దూరినై."

"నన్ను తినదలచుకుంటే త్వరగా తినుము. నాకు పని ఉన్నది," అన్నాడు కీర్తిసేనుడు.

"మనుషుల్ని మానేశానురా. వెనకటికి ఒక ముని శపించాడు, ఇంకొక్క మనిషిని నోట పెడితే కోరలు ఊడిపోతాయని. అప్పట్నుంచీ చేపలే." రాక్షసి నాలుకతో తన ఒంటి కోరను తడుముకుంది. "అయినా ఊడుతూనే ఉన్నై. వయసు మరి. నా పేరు కుంభోదరి. నీకెన్ని చేపలు కావాలి?"

"ఒక్కటి."

"ఒక్క చేప కోసం ఇంత రాద్ధాంతమా! అదేదో నేర్పి పంపిస్తే నా ఏరు నాకు మిగుల్తుంది. రా, కింద కూర్చో."

ఆ విధంగా, చేపగా మారిన తండ్రి కథంతా చెప్పుకుని, హిమనంది యువరాజు ఒక రాక్షసికి శిష్యుడయ్యాడు.

కుంభోదరి మొదట అతని వెదురును పుల్లలా విరిచి పొయ్యిలో పెట్టింది. పొదలోకి చెయ్యి పెట్టి, గాలికి ఊగే సన్న వెదురు ఒకటి పెరికి ఇచ్చింది. తర్వాత మేఘవాహం వంక చూసింది. మేఘవాహం యుద్ధాశ్వం, తోక కదపకుండా నిలబడింది. ఆ తోక వెంట్రుకలతోనే దారం పేనాలి. మొదట్లో వేలెడు లావుగా, పోనుపోను సన్నబడుతూ, చివర ముల్లు దగ్గరికి వచ్చేసరికి ఒక్క వెంట్రుకే మిగలాలి. లావు ముందు పరుగెత్తితే సన్నం దాని వెనక మెత్తగా వాలుతుందని కుంభోదరి చెప్పింది. కీర్తిసేనుడికి పేనడం వచ్చేసరికి సగం తోక అయిపోయింది. ఆ నాటి నుంచి గుర్రం అతడు ఎటు నడిస్తే అటు తిరిగి, ముఖాముఖిగా మాత్రమే నిలబడసాగింది.

"ఇప్పుడు కర్ర వెనక్కెత్తు. ఎత్తి ఆగు," అంది కుంభోదరి.

కీర్తిసేనుడు ఎత్తాడు. ఆగలేదు. ముల్లు వచ్చి అతని మెడ వెనక గుచ్చుకుంది.

"ఆగమన్నానా?"

"ఎంతసేపు ఆగవలెను?"

"దారం నీ వెనకాల చాపలా పరుచుకునేదాకా. అది చాచుకున్నాక ముందుకు రమ్మంటే తనే వస్తుంది. చాచుకోకముందే గుంజితే నీ మెడకే వస్తుంది."

"శత్రువు ఎదుట ఉండగా చెయ్యి వెనక్కి ఎత్తి ఊరక నిలబడుట యుద్ధనీతి కాదు, అవ్వా."

"శత్రువెవడ్రా? మీ నాన్నే గదా నీళ్లలో ఉంది!"

కుంభోదరి అతని మోచేతిని తీగతో నడుముకు బిగించి కట్టేసింది. ఇక భుజం కదలదు, మణికట్టు ఒక్కటే ఆడాలి. చెయ్యి అలా కట్టుకునే అతడు తిన్నాడు, గుర్రాన్ని తోమాడు, వేళ తప్పక సూర్యనమస్కారాలు సగం సగం చేశాడు. మధ్యలో ఒకనాడు అడవిదొంగలు మీదపడితే, మోచెయ్యి విప్పుకునే వ్యవధి లేక, ఒట్టి మణికట్టుతోనే కత్తి తిప్పి వాళ్లను తరిమేశాడు. తన కత్తి అంతకుముందెన్నడూ అంత వడిగా తిరగలేదని గమనించి ఆశ్చర్యపోయాడు కానీ, దొంగలు పారిపోయారు కాబట్టి ఎవరికీ చెప్పలేకపోయాడు.

దారం మెత్తగా వాలడం మొదలైంది. అయినా చేప రాలేదు.

కారణం ఈగ. కీర్తిసేనుడు దాన్ని తన కిరీటపు తురాయిలోని నెమలికన్నుతో, లకుముకిపిట్ట నీలి ఈకతో, జరీ పోగుతో కట్టాడు. ఇనుప గాలానికి బదులు వాడుతున్న వంకర రేగుముల్లు మీద అది చిన్న రథంలా మెరిసిపోయింది. చుక్కలమీను ఒకటి పైకి వచ్చి, దాన్ని ఈ చివర నుంచి ఆ చివరదాకా చూసి, వెళ్లిపోయింది.

"దానికి రసజ్ఞత లేదు," అన్నాడు కీర్తిసేనుడు.

కుంభోదరి నీటిలోంచి ఒక బండ ఎత్తి తిరగేసింది. బండ అడుగున, బియ్యపుగింజంత పురుగులు పాకుతున్నాయి. బూడిద రంగు, పలచని రెక్కలు, ఏ అందమూ లేదు. చూస్తుండగానే ఒకటి నీటిమీద తేలి, రెక్కలు ఆరబెట్టుకుంటూ ప్రవాహం వెంట వెళ్లింది. మలుపు దగ్గర గుటుక్కుమని చిన్న చప్పుడైంది. పురుగు లేదు. ఒక సుడి మిగిలింది.

"అవి తినేది ఇదీ. నువ్వు కట్టింది అవి తినేది కాదురా, నువ్వు నెత్తిన పెట్టుకునేది."

ఆ సాయంత్రం కీర్తిసేనుడు కౌజుపిట్టలు మసలిన పొదల్లో రాలిన ఈకలు ఏరాడు. బూడిద రంగు ఈక ఒకటి ఎంచి, రేగుముల్లుకు చుట్టి, మేఘవాహం వెంట్రుకతో ముడివేశాడు. చూడటానికి గుమ్మం దగ్గర దుమ్ములా ఉంది. కుంభోదరి దాన్ని అరచేతిలో పెట్టుకుని వెతకాల్సి వచ్చింది. బాగుందంది.

ఇంకొక్క చిక్కు మిగిలింది. కీర్తిసేనుడు బంగారు కవచంతో, సూర్యుడు వెనక ఉండగా, ఒడ్డున నిటారుగా నిలబడేవాడు. అతని నీడ మడుగు ఆ చివరదాకా పడేది.

"కవచం విప్పు. మోకాళ్ల మీద పాకుతూ పో," అంది రాక్షసి.

"హిమనంది యువరాజు ఎవరి ముందూ మోకరిల్లడు."

"సరే, నిలబడు. నాకేం పోయింది? మంచు కరుగుతోంది."

నిజమే. పర్వతం మీద నుంచి అప్పుడప్పుడూ దుంగలు విరిగినట్టు చప్పుళ్లు వినిపిస్తున్నాయి. కీర్తిసేనుడు కవచం విప్పి, మోచెయ్యి మళ్లీ నడుముకు కట్టుకుని, పంచె ఎగగట్టి, తడి గడ్డిలో మోకాళ్ల మీద పాకాడు. మడుగు అంచుకు చేరాడు. వెదురు వెనక్కి ఎత్తి, ఆగాడు. దారం చాచుకుంది. మణికట్టు ఒక్కసారి ముందుకు ఆడించాడు. కౌజు ఈక గాలిలో తేలి, పూరేకులా నీటి మీద వాలి, ప్రవాహం వెంట తన దారిన తాను బయలుదేరింది.

గుటుక్కుమంది.

వెదురు విల్లులా వంగింది. అతడు గుంజబోయి, మోచేయి కట్టేసిన సంగతి గుర్తొచ్చి ఆగాడు. అదే మంచిదైంది, లేకుంటే వెంట్రుక తెగేది. చేప పరుగెత్తితే దారం పోనిచ్చాడు, అలసితే చేతికి చుట్టుకున్నాడు. చివరికి అరచేతిని నీటిలో పెట్టి, దాన్ని మెల్లగా గడ్డి మీదికి జార్చాడు.

నీలిపొగ లేచింది. చందనపు వాసన వేసింది. పొగ విడేసరికి గడ్డి మీద పట్టుబట్టలు, జారిన తలపాగా, పొడుగు గడ్డంతో ఒక వృద్ధుడు నీళ్లు కక్కుతూ కూర్చుని ఉన్నాడు. పై పెదవికి రేగుముల్లు వేలాడుతోంది.

"నాన్నగారూ!" అంటూ ముందుకు దూకిన కీర్తిసేనుడు మధ్యలో ఆగిపోయాడు. ఆయన మహారాజు కాదు. రాజద్రోహం చేసి దేశం విడిచి పారిపోయాడని చాటింపు వేసిన మహామంత్రి భద్రశీలుడు.

భద్రశీలుడు ముల్లు తీసి, మర్యాదగా తిరిగి ఇచ్చాడు. "జయోస్తు యువరాజా. తమరి ఈగ నిన్నటిదాకా ప్రవాహానికి అడ్డంగా ఈదుతుండేది. ఈగలు అట్లా ఈదవు. మేమంతా అనుకునేవాళ్లం. ఈనాడు మెరుగుపడింది."

"మేమంతా అనగా?"

"సభ అంతా. పింగళకేశుడికి ఎదురుచెప్పినవాళ్లందరం ఈ నదిలోనే ఉన్నాం. సేనాపతి, పురోహితులు, ఆస్థాన వైణికులు, కోశాధికారి. ఇందులో నిజమైన చుక్కలమీనులు బహు తక్కువ."

కుంభోదరి తన పొయ్యి వైపు చూసింది. పొయ్యి పక్కన తిన్న చేపల ముళ్లకుప్ప ఒకటి ఉంది, తాటాకు గుడిసె అంత.

"ఆ మధ్య ఒకదాని పొట్టలో ఉంగరం దొరికింది, పచ్చరాయిది," అంది నెమ్మదిగా.

"కోశాధికారి," అన్నాడు భద్రశీలుడు. తలపాగా పిండుకున్నాడు. "ఆయన అంత మంచివాడేమీ కాదులే."

కుంభోదరి నోటిలో వేలు పెట్టి, ఊడిన కోరల చోట్లన్నీ ఒక్కొక్కటే తడుముకుంది. ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. "అందుకా! వయసనుకున్నాను. నాకు చెప్పకుండా నాచేత మనుషుల్ని తినిపించాడా, ఆ జడల మాంత్రికుడు!" ఆమె కాలు నేలకేసి తన్నింది. దేవదారులు ఊగాయి.

"తొందరపడాలి. అతని జడలోని ఒక్కొక్క వెంట్రుకకు మాలో ఒక్కొక్కరి ప్రాణం ముడివేసి ఉంది," అన్నాడు భద్రశీలుడు. "నా ముడి ఇప్పుడే వీడింది. ఈపాటికి అతనికి తెలిసిపోయి ఉంటుంది. మహారాజు పాతాళధార అంచున నల్లబండ నీడలో ఉన్నారు. అక్కణ్ణుంచి కదలరు."

ఆయన నోట మాట నోట ఉండగానే ఆకాశం ఇత్తడి రంగుకు తిరిగింది. ధవళశృంగం మీద పెళపెళమని ఒక మెరుపు పాకింది. వెంటనే పర్వతమంత నిట్టూర్పు వినిపించి, శిఖరం మీది మంచుపెళ్లలు ఒకదాని మీద ఒకటి కూలసాగాయి. ఆ కూలిన చోటు నుంచి తెల్లని గోడ ఒకటి లేచి, దేవదారులను గడ్డిపరకల్లా వంచుతూ లోయలోకి దిగుతోంది.

"వరద!" అన్నాడు భద్రశీలుడు.

"అబ్బాయ్, పైన ఇరుకు కనుమ ఉంది, నేను అడ్డం పడుకుంటాను," అంది కుంభోదరి, చీర కుచ్చెళ్లు దోపుతూ. "ఎంతసేపు ఆపుతానో తెలీదు. నువ్వు మాత్రం చెయ్యి వెనక్కెత్తినప్పుడు ఆగు. వరదొస్తోందని తొందరపడి గుంజావో, మీ నాన్న సంగతి పక్కన పెట్టు, ముందు నేనే నిన్ను..." మాట పూర్తికాకుండానే ఆమె ఎగువకు పరుగెత్తింది. ఆమె అడుగులకు మడుగుల్లో నీళ్లు ఎగిరిపడ్డాయి.

మేఘవాహం మోకాటి లోతు నీళ్లలో, బండల మీదుగా, ఇద్దరినీ మోసుకుని దిగువకు దూసుకుపోయింది. వెనక కూర్చున్న భద్రశీలుడు దారి పొడవునా నీటి వైపు వంగి, "సభాసదులారా! రాళ్ల చాటుకు వెళ్లండి! సేనాపతీ, పురోహితుల వారిని చూసుకోండి!" అని కేకలు వేస్తూనే ఉన్నాడు. నీళ్లలో మెరుపులు అటూ ఇటూ చెదిరి రాళ్ల కిందికి మాయమయ్యాయి.

పాతాళధార దగ్గర భూమి హఠాత్తుగా ఆగిపోతుంది. నది ఆ అంచున అద్దంలా వంగి, అడుగు కనిపించని పొగమంచులోకి దూకుతుంది. అంచుకు ఇవతల ఏనుగు పడుకున్నట్టు ఒక నల్లబండ. దాని నీడలో, ప్రవాహానికి ఎదురు నిలిచి, తోక అంచు మాత్రమే కదుపుతూ ఒక మహామీనం. దాని తల మీద చుక్కలు కిరీటంలా గుండ్రంగా కూడి ఉన్నాయి.

కీర్తిసేనుడు గుర్రం దిగి మోకాళ్ల మీద పాకాడు. పైనుంచి కుంభోదరి అరుపూ, దాని వెనక నీటి గర్జనా వినిపిస్తున్నాయి. అతడు వెదురు ఎత్తి విసిరాడు. తొందరలో ఆగడం మరిచాడు. దారం బిగిసి పడింది. ఈగ నీటి మీద గీత గీసుకుంటూ అడ్డంగా జారింది. మహామీనం దాని వైపు చూడను కూడా చూడకుండా బండ లోపలికి జరిగింది.

"యువరాజా," అన్నాడు భద్రశీలుడు గుసగుసగా, "మహారాజు సంగతి తమకు తెలియనిది కాదు. పిలిచినవాళ్ల దగ్గరకు ఏనాడూ రారు. తమ పనిలో తాము ఉన్నవాళ్లనే దగ్గరకు పిలుస్తారు."

కీర్తిసేనుడికి అది నిజమేననిపించింది. చిన్ననాడు తండ్రి దృష్టిలో పడాలని అతడు గుర్రాల మీద ఎన్ని విన్యాసాలు చేసినా ఆయన చూడలేదు. ఒకనాడు ఒక మూల కూర్చుని విల్లుకు నారి కట్టుకుంటుంటే, ఆయనే వచ్చి పక్కన కూర్చున్నాడు.

అతడు ఊపిరి వదిలాడు. వెదురు వెనక్కి ఎత్తి, ఆగాడు. ఎగువన కొండ బద్దలైనట్టు చప్పుడైంది. ఆగాడు. "ఇక నా వల్ల కాదురోయ్!" అని కుంభోదరి కేక వినిపించింది. అప్పటికీ ఆగాడు. వెనక దారం చాపలా చాచుకుంది. మణికట్టు ఆడించి, ఆఖరి క్షణంలో కర్ర మొన రవంత దించాడు. దారం బిగియకుండా, వంకరలు వంకరలుగా, వదులుగా నీటి మీద పరుచుకుంది. ఆ వంకరలను ఏరు ఒక్కొక్కటే సరిచేసుకుంటుండగా, కౌజు ఈక ఏ తొందరా లేకుండా, ఎవరితోనూ పని లేనట్టు, నల్లబండ నీడలోకి తేలిపోయింది.

మహామీనం పైకి వచ్చింది. చూసింది. చాలాసేపు చూసింది. దర్బారులో విన్నపాలు వినేటప్పుడు కూడా మహారాజు అలాగే చూసేవాడు. తర్వాత నోరు తెరిచి, ఈగను అంగీకరించింది.

"చిక్కారు!" అన్నాడు భద్రశీలుడు. "ఇటు లాగండి, గడ్డి మీదికి!"

కానీ ఎగువ మలుపులో తెల్లని గోడ కనిపించింది. దాని మీద తెప్పలా తేలుతూ, ఒక చేత్తో దేవదారును కౌగిలించుకుని, కుంభోదరి వస్తోంది. వరద వాసన తగిలిన మహామీనం ఒక్కసారిగా తిరిగింది. తిరిగి దిగువకు, అంచు వైపు పరుగు తీసింది. వెదురు మొన నీటిని తాకింది. చివరనున్న ఒక్క వెంట్రుక వీణతీగలా మోగింది.

పట్టి ఆపితే వెంట్రుక తెగుతుంది. వదిలితే తండ్రి పోతాడు. కీర్తిసేనుడు ఆపలేదు, వదలలేదు. లేచి చేపతో పాటు పరుగెత్తాడు. బండ మీద నుంచి బండ మీదికి, జారుడు నాచు మీదుగా, మోచేయి నడుముకు కట్టుకునే, వెదురు పైకెత్తి పట్టుకుని, దారం బిగియకుండా, సడలకుండా పరుగెత్తాడు.

అంచు దగ్గర మహామీనం గాలిలోకి లేచింది. సాయంకాలపు ఎండలో దాని చుక్కలన్నీ నిప్పుల్లా మెరిశాయి. మరుక్షణం పొగమంచులోకి దిగిపోయింది. దారంలో మిగిలిన చుట్లన్నీ సర్రున విడిపోయి, అయిపోయాయి.

"యువరాజా!" అని భద్రశీలుడు అరిచాడు. "అక్కడ నేల లేదు!"

"చూస్తూనే ఉన్నాను," అని, దారం తెగేలోపే, వెదురు వదలకుండా కీర్తిసేనుడు అంచు మీద నుంచి దూకాడు.